చేతికందే దూరం

పోయిన నెల హుజూర్‌నగర్ నుంచి శ్రావణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. మెరైన్ ఇంజనీరింగ్ చదివి, కొన్నేళ్లు ఓడల మీద పనిచేసి, ఇప్పుడు ఓడల తనిఖీ ఉద్యోగంలో చేరబోతోందట. నేను చేసి రిటైరైన ఉద్యోగమే.

“రూల్స్ మొత్తం చదివిన సార్. చమురు ఓడలయి అయితే నోటికొచ్చినయి. ఇంక ఏమన్న తెలుసుకోవాల్నా?” అని అడిగింది.

చాలా ఉంది తల్లీ అనబోయి ఊరుకున్నాను. అరవై నాలుగేళ్లు వచ్చాక ఫోన్లో గంటలు గంటలు చెప్పే ఓపిక ఉండదు. రాసి పంపుతానన్నాను. రెండు రోజుల పని అనుకున్నది నెల పట్టింది. రాయడం రాక కాదు. ఇందులో రాయాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. శ్రావణీ, దాన్ని నీకంటే ముందు ఇంకో మనిషికి చెప్పాల్సి ఉండింది. ఆ మనిషి దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో ఉంటాడు. పేరు యాదగిరి. ఏడేళ్లుగా ఏటా అతన్ని చూసొస్తున్నాను, ఏటా ఆ మాట చెప్పకుండానే తిరిగొచ్చాను.

ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. అవి చదివి ఎవరూ బాగుపడలేదు. పని ఎలా ఉంటుందో, నేనెక్కడ తప్పు చేశానో, అంతే రాస్తాను.

రెండు తోళ్ల ఓడ

నల్లగొండలో నా ఉద్యోగం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఇక్కడ సర్వేయర్ అంటే గొలుసు పట్టుకుని భూమి కొలిచేవాడు. ట్యాంకర్ అంటే ఎండాకాలం గల్లీలోకి వచ్చే నీళ్ల ట్యాంకర్. రిటైరై వచ్చి ఇక్కడ ఇల్లు కిరాయికి తీసుకున్న కొత్తలో పక్కింటాయన ఒకరోజు పిలిచాడు. “సార్, మీరు ట్యాంకర్ ఇన్స్‌పెక్టరట గద? మా బామ్మర్ది నీళ్ల ట్యాంకరు కిందికెల్లి కారుతాంది, జర చూస్తరా?” అన్నాడు. వెళ్లి చూశాను. వెల్డింగు పగిలింది. ఎక్కడ పగిలిందో చూపించాను. ఆ గల్లీలో నాకున్న గౌరవమంతా ఆ వెల్డింగు వల్ల వచ్చిందే.

మా ఊరు పోచంపల్లి. మగ్గం ఉన్న ఇల్లు మాది. ఇరవై ఏళ్లు వచ్చేదాకా సముద్రం చూడలేదు. అలాంటివాణ్ణి పాతికేళ్లకు పైగా చమురు ఓడల కడుపుల్లో తిరిగాను. సముద్రంలో చమురు పడకుండా ఓడ ఎలా ఉండాలో రూల్స్ చెబుతాయి. ఓడ నిజంగా అలాగే ఉందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని.

నీకు తెలిసిందే అయినా మామూలు మాటల్లో చెబుతాను, నోటికొచ్చిన రూలు ఒక్కోసారి బుర్రలోకి రాదు కాబట్టి. పాత చమురు ఓడకు ఒకటే తోలు ఉండేది. ఆ ఇనప రేకుకు ఇటు చమురు, అటు సముద్రం. బండ తగిలి రేకు చిరిగితే చమురంతా సముద్రంలోకే. ఖాళీగా వెళ్లేటప్పుడు ఓడ తూలకుండా అవే ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకునేవారు, గమ్యం దగ్గర పడగానే ఆ జిడ్డు నీళ్లను మళ్లీ సముద్రంలోకే వదిలేవారు. చాలా తీరాలు నల్లబడ్డాక రూలు మారింది. నీళ్లకు వేరే ట్యాంకులు ఉండాలన్నారు. ఆ తర్వాత ఓడకు రెండు తోళ్లు ఉండాలన్నారు. లోపలి తోలులో చమురు, బయటి తోలుకు సముద్రం, మధ్యలో పెద్ద ఓడల్లో రెండు మీటర్ల ఖాళీ. బరువు కోసం నీళ్లు నింపుకునేది ఆ ఖాళీలోనే.

మంచి రూలు. నా కళ్ల ముందే ఎన్నో తీరాలను కాపాడింది, దాన్ని ఒక్క మాట అనను. కానీ రూలు పుస్తకంలో రాయనిది ఒకటుంది. ఆ రెండు మీటర్ల సందు తుప్పుకు పుట్టిల్లు. ఉప్పునీళ్లు నిండుతాయి, ఖాళీ అవుతాయి, మళ్లీ నిండుతాయి. అవతల వేడి చమురు ఉంటే ఇవతల ఉక్కపోత. గాలి ఆడదు, వెలుతురు ఉండదు. అక్కడ తుప్పు పట్టిందో లేదో తెలియాలంటే ఒక మనిషి చిన్న రంధ్రంలోంచి దూరి, నిచ్చెనలు దిగి, ఇనప గదుల్లోంచి పాకి, పైకెక్కి చూడాలి. సముద్రాన్ని కాపాడడానికి మనం ఆ సందు కట్టి, అందులోకి మనుషుల్ని పంపుతున్నాం.

పెద్దసార్ సుత్తి

నాకు పని నేర్పిన బాస్‌ను అందరం పెద్దసార్ అనేవాళ్లం. కోపిష్ఠి. నోరు మంచిది కాదు. అయినా నేను చూసిన తనిఖీదారుల్లో ఆయనకు సాటి ఎవరూ లేరు.

మొదటి నెలలోనే ఒక ఓడకు తీసుకెళ్లాడు. ట్యాంకులోకి దిగితే గోడలన్నీ కొత్త రంగుతో తెల్లగా మెరుస్తున్నాయి. నాకు ముచ్చటేసింది. “బాగా చూసుకుంటున్నారు సార్” అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, జేబులోంచి సుత్తి తీసి గోడమీద ఒక్కటి వేశాడు. కంగుమనాల్సిన రేకు దబ్బుమంది. రెండో దెబ్బకు రంగు పెచ్చుగా ఊడి, వెనక నుంచి తుప్పు పొరలు పొరలుగా రాలింది. పైన పటారం, లోన లొటారం.

“కొత్త రంగు కనబడితే సంతోషపడకు. ఏం దాస్తున్నారో అడుగు” అన్నాడు. ఆ ఓడను అక్కడే ఆపేశాడు. ఓడ యజమానులు ఎవరెవరితోనో ఫోన్లు చేయించారు. అన్ని ఫోన్లకూ ఆయన ఒకే జవాబు చెప్పాడు: “వచ్చి మీరే ఒకసారి కొట్టి చూడండి.” ఎవరూ రాలేదు. ఆ గోడ మొత్తం మార్చాకే ఓడ కదిలింది.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో సంగతి ఈ రాతకంతటికీ ముఖ్యం. పాతబడ్డ చమురు ఓడల్లో కొన్ని భాగాలను దగ్గర్నుంచి చూడాలని రూలు. దగ్గర అంటే ఎంత దగ్గర? చెయ్యి చాస్తే తగలాలి, అంతే. మీటర్లూ అడుగులూ లేవు. చేతికందే దూరం. కంటికి కనబడితే చాలదు. టార్చి వేస్తే వెలుతురు పడిందంటే చాలదు. రూల్స్ మొత్తంలో మనిషి ఒంటిని కొలతగా పెట్టుకున్న మాట ఇదొక్కటేనేమో. ఇంతకంటే తేలికైన రూలు లేదు, ఇంతకంటే తేలిగ్గా తప్పే రూలూ లేదు.

యాదగిరి

యాదగిరిది గొర్లు కాసే ఇల్లు. కానీ అతను గొర్ల వెంట తిరగకుండా సెల్ టవర్లకు రంగులేసే పనిలో పడ్డాడు. మా చెల్లెలి ఇంటి దగ్గర ఒక టవర్ మీద అతన్ని మొదటిసారి చూశాను. తాడు కట్టుకుని, బీడీ కాల్చుకుంటూ, నేలమీద నడిచినంత తేలిగ్గా పైకి పోతున్నాడు. దిగాక పిలిచి మాట్లాడాను. “ఓడల్ల పని ఉంది, చేస్తవా?” అన్నాను.

“ఓడల్ల ఏముంటది సార్ ఎక్కనీకి?” అన్నాడు.

“ఎక్కుడే ఉంటది. కాకపోతే లోపలికెల్లి ఎక్కాలె.”

రేకు మందం కొలిచే ఒక చిన్న కంపెనీలో చెప్పి పెట్టించాను. ఓడ రేకు ఎక్కడెక్కడ ఎంత అరిగిందో కొలిచే పని. రేకుమీద కాస్త జెల్లీ పూసి, చేతిలో పట్టేంత యంత్రం ఆనిస్తే మందం అంకె చూపిస్తుంది. యంత్రం రేకుకు తగలాల్సిందే, దూరం నుంచి కుదరదు. యాదగిరి ఆరు నెలల్లో పని పట్టేశాడు. నేను తనిఖీకి వెళ్లిన చాలా ఓడల్లో అతనే కొలిచేవాడు. టిఫిన్ డబ్బాలో జొన్న రొట్టె, పచ్చి పులుసు తెచ్చుకుని ఓడ డెక్కుమీద కూర్చుని తినేవాడు. నాకూ పెట్టేవాడు. పోర్టులో మా యాసలో మాట్లాడే మనిషి అతనొక్కడే. నాకు అతనంటే చాలా ఇష్టం. ఈ మాట అతనికి ఎప్పుడూ చెప్పలేదు. మా దిక్కు మగవాళ్లం అలాంటివి చెప్పుకోం.

నాలుగో నంబరు ట్యాంకు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు. పద్దెనిమిదేళ్ల పాత ఓడ. చిక్కటి నల్ల చమురు మోస్తుంది, అది గడ్డకట్టకుండా దారి పొడవునా వేడి చేస్తుంటారు. ఓడ డాకులో, అంటే నీళ్లు తోడేసిన మరమ్మతుల గుంటలో ఉంది, తనిఖీ ఆఖరి రోజు. కుడివైపు నాలుగో నంబరు నీళ్ల ట్యాంకు ఒక్కటి మిగిలింది.

రెండు తోళ్ల మధ్య సందే ఆ ట్యాంకు. లోపల ఇనప చట్రాలు అడ్డంగా ఉండి గదులు గదులుగా ఉంటుంది. మొదటి రెండు గదులు ఎక్కి చూశాను. మూడో గదిలోకి వెళ్లేసరికి ఎక్కడానికి కట్టిన పరంజా లేదు. పని అయిపోయిందనుకుని యార్డువాళ్లు విప్పేశారు. మళ్లీ కట్టాలంటే ఒక రోజు ఓడ ఆగాలి. బయట ఇంకో ఓడ డాకు కోసం ఎదురుచూస్తోంది. అప్పటికి పెద్దసార్ రిటైరయ్యాడు. కొత్త బాస్ పొద్దుటి నుంచి చెవిలో జోరీగలాగా ఫోన్ చేస్తున్నాడు. “ఎంతసేపు? ఎంతసేపు?”

యాదగిరి పైకి చూసి అన్నాడు: “తాడేసుకోని నేనెక్కుత సార్. పది నిమిషాల పని. ఆ ఎన్క మిమ్మల్ని గూడ పైకి గుంజుత.”

నాకప్పటికే మోకాళ్ల నొప్పులు. ఆ రోజు పొద్దుటి నుంచి నాలుగు ట్యాంకులు ఎక్కి దిగాను. కింది ఇనప అరుగు మీద నిలబడి, అతని చేత టార్చి పట్టించి పైకి చూశాను. చూడాల్సిన పై మూల ఆరు మీటర్ల ఎత్తున ఉంది. రంగు కొంచెం పొంగినట్టు అనిపించింది. నీడేమో అనుకున్నాను.

ఇక్కడ నా మనసు చేసిన పని చెబుతాను. నేను పోచంపల్లివాణ్ణి. మా చీరకు బొమ్మ నేతలో రాదు. ముందే పోగుకు అక్కడక్కడ దారం బిగించి, అంటే చిటికి కట్టి, రంగులో ముంచుతారు, తర్వాతే మగ్గం మీదికి ఎక్కిస్తారు. అందుకే చీరకు రెండు వైపులా బొమ్మ ఒక్కలాగే ఉంటుంది. ఇటు చూస్తే అటు చూసినట్టే. పుట్టినప్పటి నుంచి చూసింది అదే. ముందు రోజు ఆ గోడ అవతలి వైపు, అంటే చమురు వైపు, దగ్గర్నుంచి చూశాను. శుభ్రంగా ఉంది. చమురు తగిలే వైపు తుప్పు తక్కువ పడుతుందని, వేడి దాటి వచ్చే ఇవతలి వైపే కుళ్లుతుందని నాకు తెలుసు. ఇతరులకు క్లాసులు చెప్పాను కూడా. అయినా ఆ క్షణంలో ‘అటు బాగుంది కదా, ఇటూ బాగుంటుంది’ అనుకున్నాను. అలా అనుకోవాలనిపించింది కాబట్టి అనుకున్నాను.

“వద్దు యాదగిరీ. కనబడ్తనే ఉంది గద” అన్నాను.

అతను ఒకసారి నా మొహం చూశాడు. “సరే సార్” అన్నాడు.

రిపోర్టులో ఆ మూల ఎదురుగా ‘చేతికందే దూరం నుంచి చూడబడింది’ అని రాసి సంతకం పెట్టాను. కంచే చేను మేయడమంటే అదే. బాస్ ఒత్తిడి అని చెప్పుకోవచ్చు, కానీ నన్ను ఎక్కవద్దని ఆయన అనలేదు. మోకాళ్లు అని చెప్పుకోవచ్చు. అతను ఎక్కుతానంటే నేనే వద్దన్నాను. మర్నాడు నీళ్లు వదిలారు, ఓడ తేలి వెళ్లిపోయింది.

బయటి తోలు నిలిచింది

రెండున్నరేళ్ల తర్వాత అదే ఓడ మా పోర్టుకు వచ్చింది. మళ్లీ తనిఖీ. మళ్లీ నేనే, మళ్లీ యాదగిరే.

ట్యాంకులోకి మనిషి దిగేముందు లోపలి గాలి చూడాలి. ఓడ ఆఫీసరు మీటరు గొట్టం నిచ్చెన వెంట కింది దాకా దించి చూశాడు, అంకెలు బాగున్నాయి. దూరంగా ఉన్న గదుల్లో చూడలేదు. చూడాలని అడగాల్సినవాణ్ణి నేను. అడగలేదు, డెక్కుమీద కాగితాలు చూస్తున్నాను.

“మీరు కాగితాలు చూస్కోండ్రి సార్. నేను జర దిగుతున్న” అన్నాడు యాదగిరి.

తలెత్తకుండానే చెయ్యి ఊపాను. వెనకాల ఒక ఓడ కుర్రాణ్ణి తోడు పంపారు. కొలతలు ఎప్పుడూ నిచ్చెన దగ్గరున్న మొదటి గది నుంచి మొదలుపెడతారు. యాదగిరి ఆ రోజు మొదటి గది దాటి, రెండో గది దాటి, నేరుగా మూడో గదిలోకి వెళ్లాడు. తోడున్నవాడు ఇంకా మొదటి గదిలోనే ఉండగా, యాదగిరి ఛాతీకి తగిలించుకున్న చిన్న గాలి మీటరు కీచుమని మోగడం వినబడింది. వాడు తెలివైనవాడు. లోపలికి పరిగెత్తకుండా పైకి ఎక్కి కేక వేశాడు. అందుకే ఆ రోజు ఒక్కడే పడిపోయాడు.

గాలి సిలిండర్లు తగిలించుకున్నవాళ్లు దిగి అతన్ని బయటికి తెచ్చేసరికి పదకొండు నిమిషాలు. నేను గడియారం చూస్తూ నిలబడ్డాను. నా జీవితంలో అంత పొడవైన సమయం లేదు. దిగబోతే ఇద్దరు నన్ను పట్టుకుని ఆపారు. వాళ్లు చేసిందే సరైన పని.

మూడో గదిలో పై మూలన, లోపలి తోలుకు వేలు పట్టేంత చిల్లు పడింది. అందులోంచి నల్ల చమురు సన్నగా కారి కింద చట్రాల మధ్య మడుగు కట్టింది. దాని విషపు గాలి గదంతా నిండింది. బయటి తోలు మాత్రం చెక్కుచెదరలేదు. సముద్రంలో ఒక్క చుక్క కూడా పడలేదు. విచారణ రిపోర్టులో ‘కాలుష్యం’ అన్న గడి ఎదురుగా ‘లేదు’ అని రాశారు. రూలు ఏ పని కోసం పుట్టిందో ఆ పని చేసింది. అలాంటి రిపోర్టు చూసి సంతోషపడాల్సిన ఉద్యోగం నాది.

విచారణలో నన్నూ అడిగారు: “పోయినసారి ఆ మూల దగ్గర్నుంచి చూశారా?” నా పాత రిపోర్టు వాళ్ల చేతిలోనే ఉంది. “రాశాను కదా” అన్నాను. చూశాను అనలేదు, రాశాను అన్నాను. ఆ తేడా వాళ్లు పట్టించుకోలేదు. రెండున్నరేళ్ల వేడికి, ఉప్పుకు చిల్లు పడి ఉంటుందని తేల్చారు. గాలి సరిగ్గా చూడనందుకు ఓడ ఆఫీసరు ఉద్యోగం పోయింది. కొలిచేవాడు వరస తప్పి మూడో గదిలోకి ఎందుకు వెళ్లాడో తెలియలేదని రాశారు. ఎక్కి ఉంటే ఆ రోజే నాకు పొంగిన రంగు కింద తుప్పు దొరికేదా? దొరికేదనే అనుకుంటాను. ఆరు మీటర్ల కింది నుంచే పొంగు కనబడింది మరి.

బాపు

యాదగిరి బతికాడు. మూడు వారాలు దవాఖానలో ఉన్నాడు. కుడికాలు ఈడుస్తాడు, చేతులు వణుకుతాయి, మాట వెతుక్కుంటూ మాట్లాడతాడు. పాత సంగతులు కొన్ని పూర్తిగా చెరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నాలో ఏదో బరువు దిగినట్టయింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా నిజం. అతనికి ఆ టార్చి, ఆ అరుగు, నా మాట గుర్తుండవు కదా అనుకున్నాను.

ఆ ఏడే పోచంపల్లికి వెళ్లినప్పుడు మా బాపుకు, అంటే నాన్నకు, ఒక్కడికే చెప్పాను. అప్పటికి ఆయనకు కళ్లు ఆనేవి కావు. అయినా ఇంట్లో మగ్గం మీంచి దిగిన ప్రతి చీరనూ ఒళ్లో వేసుకుని అరచేత్తో నిమిరి చూసేవాడు. మన బట్టలాగే రెండు దిక్కులా ఒకటే అనుకున్నాను బాపూ అన్నాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. “రెండు దిక్కుల బొమ్మ ఒక్కటే ఉంటది బిడ్డా. తెగిన పోగుకు ముడి ఏసినమంటె అది ఒక్క దిక్కే ఉంటది. కంటికి కానరాదు, చేతికే తెలుస్తది. గందుకే గద, మీ అవ్వ సూసినా, నేను సూసినా, మల్ల నిమిరి సూసినంకనే మడతేసేది. నువ్వు ఇంట్ల ఉండి ఏం నేర్సినవు?” అన్నాడు.

తర్వాత ఒళ్లోని చీర మడతేసి పక్కన పెట్టాడు. చివరికి, “ఆ పిలగానికి చెప్పినవా?” అని అడిగాడు. లేదన్నాను. పోయేదాకా నన్ను మళ్లీ ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

తర్వాత మూడేళ్లు పనిచేశాను. ప్రతి మూలా ఎక్కాను. మోకాళ్లు పూర్తిగా పోయాయి. నేను ఆపిన ఓడల గురించి నన్ను తిట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకటి చెబుతాను, అంతకుముందు నేను చెడ్డ తనిఖీదారును కాను. వందల ట్యాంకులు సరిగ్గా చూశాను. ఒకే ఒక్క మూల వదిలేశాను. ఈ ఉద్యోగంలో అన్ని మూలలకూ కలిపి మార్కులు వేయరు.

దేవరకొండ బస్సు

నీకు రాయడం మొదలుపెట్టి, నాలుగో నంబరు ట్యాంకు దగ్గర ఆగిపోయాను శ్రావణీ. యాదగిరి ఇంకొకరి ద్వారా ఇది తెలుసుకుంటే నేను బతికి ఏం లాభం? పోయిన ఆదివారం దేవరకొండ బస్సెక్కాను.

ఇంటి ముందు వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముందు ఒక గొర్రె. దాని ఉన్నిలో వేళ్లు పెట్టి పిడుదులు ఏరుతున్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి, అయినా ఒక్కటీ తప్పిపోవడం లేదు.

“రాండ్రి సార్, కూసోండ్రి. మణెమ్మా, సార్ వచ్చిండు, చాయ్ పెట్టు” అంటూ లోపలున్న భార్యకు కేకేశాడు.

మంచం పక్కన చిన్న పీట వేశారు. మోకాళ్లు వంచి కష్టంగా కూర్చున్నాను. గొర్ల సంగతి అయింది, వానల సంగతి అయింది. ప్రతి ఏడూ ఇంతవరకే వచ్చి లేచిపోయేవాణ్ణి.

“యాదగిరీ, నీకొక మాట చెప్పాలె. ఎప్పుడో చెప్పాల్సిన మాట” అన్నాను.

చెప్పాను. పరంజా విప్పేసిన సంగతి, అతను ఎక్కుతానన్నది, నేను వద్దన్నది, కింద నిలబడి చూసి పైకెక్కి చూసినట్టు రాసింది. విచారణలో దాటేసిన మాట కూడా చెప్పాను. మణెమ్మ చాయ్ గ్లాసులు పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది. యాదగిరి వేళ్లు గొర్రె మీదే ఉన్నాయి.

“నాకెర్కే సార్” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“టార్చి… టార్చి పట్టుకున్నది నేనే గద. శానా మర్సిపోయిన. మా పెండ్లి గూడ సక్కగ యాదికి లేదు, ఈమె చెప్తె ఇంటున్న. గది మాత్రం మర్వలే.”

“మరి ఇన్నేండ్ల సంది నన్నెందుకు అడగలేదు?”

మాట కోసం కాసేపు వెతుక్కున్నాడు. “అడిగితె… మీరు మల్ల రాకపోదురు.”

మణెమ్మ గ్లాసులు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు నా మీద కోపం వచ్చింది. రావాల్సిందే. నేను ఆగలేక, ఏడేళ్లుగా ఎవరికీ జవాబు తెలియని ఆ ప్రశ్న కూడా అడిగేశాను. “మరి ఆ పొద్దు మొదటి గది ఇడ్సిపెట్టి, ముందుగాల మూడో గదిలకే ఎందుకు పోయినవు యాదగిరీ?”

“ఆడ మీరు ఎక్కలే గద సార్. ఈసారి ఎక్కక తప్పదని… మీరు ఎక్కుతరని నాకెర్కే. మీ మోకాళ్లు సూస్తె గట్లుండె. నేనే ముందుగాల ఎక్కి, చెయ్యి పెట్టి సూసొస్తె… మీకు ఎక్కే పని తప్పుతదనుకున్న.”

నేను ఏడ్చాను. అతను నన్ను ఓదార్చలేదు, ఏమీ కాదు అని అబద్ధం చెప్పలేదు. ఒక అమ్మాయికి ఇదంతా రాసి పంపుతానని, నీ పేరు రాయవచ్చా అని అడిగాను. “రాయుండ్రి. టవర్ల మీదికెల్లి వచ్చినోడని గూడ రాయుండ్రి” అన్నాడు.

రాశాను శ్రావణీ. రూల్స్ నోటికొచ్చాయన్నావు, మంచిదే. ట్యాంకులోకి దిగే ప్రతి రోజూ నీ పక్కన టార్చి పట్టుకున్న మనిషి పేరు కూడా నోటికి రావాలి. నువ్వు వదిలేసిన మూల అతనికి గుర్తుంటుంది.

బస్సు వేళయిందని లోపల్నుంచి మణెమ్మే చెప్పింది. లేవబోయాను. మోకాలు పట్టేసి, పీట మీంచి లేవలేకపోయాను. యాదగిరి మంచం మీంచి ముందుకు వంగి చెయ్యి చాచాడు. వణుకుతున్న ఆ చెయ్యే పట్టుకుని లేచాను.